పిల్లికళ్ళకు మూలపురుషుడు ఒక్కడేనా?

ప్రశ్న: మా నాయనమ్మవి పిల్లికళ్ళు. నావి, మావారివి నల్లని కళ్ళే అయినా, మూడేళ్ళ మా అబ్బాయికి మాత్రం ఆవిడ తేనెరంగు కళ్ళే వచ్చాయి. నీలికళ్ళవాళ్ళందరూ ఒకే మూలపురుషుడి సంతానమని ఎక్కడో చదివిన మా మరిది, మన వంశంలో తెల్లదొరల రక్తం ఉందంటూ ఆటపట్టిస్తున్నాడు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మరిదిగారు చదివినదానికి ఆధారం ఉంది; ఆయన తేల్చిన వంశవృక్షానికే ఆధారం లేదు.

నిజానికి ఎవరి కంట్లోనూ నీలిరంగు పదార్థమంటూ ఉండదు. తెల్లగుడ్డు మధ్యనున్న ఐరిస్ అనే వలయంలో మెలనిన్ అనే ముదురురంగు పదార్థం దండిగా ఉంటే కన్ను నల్లగానో గోధుమరంగుగానో కనిపిస్తుంది; బాగా తగ్గితే, ఆకాశం నీలంగా కనిపించినట్టే, కాంతి చెదరడం వల్ల నీలంగా తోస్తుంది. తేనెరంగు ఈ రెంటికీ నడుమది. మెలనిన్ తయారీకి అవసరమైన ఓసీఏ2 అనే జన్యువు 15వ క్రోమోజోము మీద ఉంటుంది. దాని పక్కనున్న హెచ్ఈఆర్‌సీ2 జన్యువులో, డీఎన్ఏ రాతలోని ఒక్క అక్షరం మారితే ఓసీఏ2 పని మందగిస్తుంది. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ ఐబెర్గ్ బృందం 2008లో డెన్మార్క్‌కు చెందిన 155 మంది, టర్కీకి చెందిన ఐదుగురు, జోర్డాన్‌కు చెందిన ఇద్దరు నీలికళ్ళవారిలో ఈ మార్పు చుట్టూ ఉన్న డీఎన్ఏ భాగం ఒకే తీరుగా ఉందని గుర్తించి, ఆ మార్పు ఒకే వ్యక్తిలో మొదలై ఉంటుందని భావించింది. అది 6,000 నుంచి 10,000 ఏళ్ళనాటిదని వారు వేసిన అంచనా మాత్రం నిలవలేదు. ఇటలీలోని విల్లబ్రూనాలో దొరికిన సుమారు 14,000 ఏళ్ళనాటి మనిషి అవశేషాల్లోనూ అదే మార్పు కనిపించింది.

అయితే ఆ మూలపురుషుడు ఒక చిన్న డీఎన్ఏ ముక్కకు మాత్రమే మూలం. మన శరీరంలోని ఒక్కొక్క ముక్క ఒక్కొక్క పూర్వీకుడి నుంచి వచ్చినదే కనుక, ఒక్క ముక్క కలిసినంత మాత్రాన వంశం ఒకటైపోదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే ఆ ముక్క ఉంటే, అది నల్లకళ్ళవారిలోనూ దాగి ఉండవచ్చు. పైగా, భారత ఉపఖండంలోనూ ఈ మార్పు తక్కువ శాతంలో ఉంది. ఐరోపావారి ఓడలు మన రేవులకు చేరడానికి వేల ఏళ్ళ ముందే పశ్చిమాసియా, మధ్యాసియాల నుంచి ఇక్కడికి వలసలు సాగాయి.

మీ అబ్బాయి విషయంలో ఈ ఒక్క మార్పే కారణమని కూడా చెప్పలేము. దాదాపు 1,95,000 మంది జన్యువులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం, కంటిరంగుతో సంబంధమున్న 50 కొత్త జన్యువులను గుర్తించింది. నాయనమ్మ నుంచి మీకు దక్కి మీలో బయటపడనిది, మీవారి వైపు నుంచి అందినదానితో కలిసి బాబులో బయటపడి ఉండవచ్చు; కాబట్టి ఘనతంతా మీ పుట్టింటికే కట్టబెట్టకండి.

పుట్టుకతోనే కళ్ళు మెరిసే నీలంగా ఉన్నా, ఒక కన్ను నీలంగా మరొకటి నల్లగా ఉన్నా, ముఖ్యంగా నుదుటిపైన తెల్లజుట్టు పాయ కూడా ఉంటే, అది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ కావచ్చు. అందులో వినికిడి లోపం రావచ్చు కనుక అటువంటి పిల్లలకు చెవి పరీక్ష చేయించాలి. మీ బాబుకు ఈ లక్షణాలేవీ ఉన్నట్టు మీరు రాయలేదు.