జీతం అమ్మాయిది, ఏటీఎం కార్డు నాన్నది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ పూర్తిచేసి, హైదరాబాద్‌లో నెలకు 32 వేల జీతంతో ఉద్యోగం చేస్తోంది. ఇల్లు తనఖా పెట్టి, 40 లక్షల రుణంతో అమెరికాలో ఎం.ఎస్. చేయించాలనుకుంటున్నాం. తను వద్దంటోంది. దుబారా చేస్తుందని తన ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంచుకున్నాను. ఏ దారిలో తను ఆర్థికంగా నిలదొక్కుకుని సంతోషంగా ఉంటుంది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా ఎన్నోసార్లు వస్తుంది. దాని అడుగున ఉన్నది చదువు గురించిన సందేహం కాదు. బంధువుల పిల్లలు డాలర్లు పంపుతుంటే మన అమ్మాయి వెనకబడిందని నలుగురూ అనుకుంటారేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు తక్కువ చేస్తారేమో అన్న దిగులు. చదువు ముగియగానే సొంత సంపాదన మొదలుపెట్టిన పిల్ల ఎవరికన్నా వెనకబడలేదు. ముందు ఆ విషయంలో మనసు కుదుటపరచుకోండి.

డబ్బుతో సంతోషం రాదని నేను చెప్పను. అమెరికాలో ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందని పరిశోధకులు కానేమన్, డీటన్ 2010లో చెప్పారు. కానీ ఆపైన కూడా అది పెరుగుతూనే ఉంటుందని 2021లో మరో పరిశోధకుడు కిల్లింగ్స్‌వర్త్ చూపించారు. ఆయన అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచినది వేరొకటి: ఆదాయం సంతోషాన్నిచ్చేది చాలావరకు ‘నా జీవితం నా చేతుల్లో ఉంది’ అన్న భావన ద్వారానే.

ఇక ఎం.ఎస్. సంగతి. 40 లక్షలకు 11 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 55 వేలు; చదువుకునే కాలపు వడ్డీ అసలులో కలిస్తే ఇంకా ఎక్కువ. ఇప్పటి నిబంధనల ప్రకారం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులవారికి కూడా చదువయ్యాక పని అనుమతి మొత్తం 36 నెలలే, ఆపైన ఏటా 85 వేలకే పరిమితమైన హెచ్-1బీ వీసాల కోసం పోటీపడాలి. ఇష్టపడి వెళ్లినవారు ఈ ఒత్తిడిని తట్టుకోగలరు. తనకు ఇష్టం లేకుండా, పైగా మీ ఇంటిని పూచీగా పెట్టి పంపితే, పని ఎంత దుర్భరంగా ఉన్నా మానుకునే స్వేచ్ఛ ఆ పిల్లకు ఉండదు. దాన్ని ఆర్థిక స్వాతంత్ర్యమని నేను అనలేను.

కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. తన జీతంలోంచి 500 తీసుకోవడానికి మిమ్మల్ని అడగవలసి వస్తున్న అమ్మాయికి 40 లక్షల అప్పు మోసే శక్తి ఉందని మీరే ఎలా నమ్ముతున్నారు? దుబారా చేస్తుందని మీ భయం. చేయనివ్వండి, రెండు నెలలు నెలాఖరుకు చేతిలో డబ్బు లేకపోతే మూడో నెలకు తనే లెక్క రాసుకుంటుంది. ఈ వారమే కార్డు తన చేతికిచ్చి, పిన్ మార్చుకోమనండి. ఒక ఏడాది తన అద్దె, తన పొదుపు, ఇంటికి పంపాలనుకున్నది తననే నిర్ణయించుకోనివ్వండి. ఆ తర్వాత కూడా ఎం.ఎస్. ఆలోచన మిగిలి ఉంటే, ఈసారి ప్రశ్న తననే నాకు రాయమనండి.