పైడిభీమవరంలో మెస్సు పెడతానన్న చిన్నోడికి

చిన్నోడా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. కంపెనీ ఉద్యోగం మానేసి, మందుల ఫ్యాక్టరీలున్న పైడిభీమవరంలో అక్కడి పనివాళ్ల కోసం మెస్సు పెడుతున్నావట. షెడ్డుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశావట. పెద్దమ్మకి ఒక్క మాట చెప్పాలనిపించలేదేటిరా? తిడదామనే కాగితం తీశాను. కానీ మనింట్లో మళ్లీ పెద్ద డేగిసా పొయ్యెక్కుతుందనుకుంటే తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ముందు ఒక్కటి చెప్పు. ఆ షెడ్డు కంపెనీ గేట్లున్న వైపే ఉందా, హైవేకి అవతలుందా? అవతలైతే అడ్వాన్సు పోతే పోయింది, వదిలెయ్. అది ఆరు వరసల రోడ్డు. తిండికి వచ్చేటప్పుడు అటూ ఇటూ చూసి దాటిన కుర్రాడే, వెళ్లేటప్పుడు సైరన్ గుర్తొచ్చి కళ్లు మూసుకుని పరిగెడతాడు.

తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించు. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడు, ఇంటిది ముట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే.

విరామం అరగంటకు తగ్గకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. మన కుర్రాళ్లకి దొరికేది కూడా ఆ అరగంటే. గౌను విప్పి, చెకింగ్ దాటి నీ గుమ్మం దాకా రావడానికి ఆరు నిమిషాలు వేసుకో. తిరిగి వెళ్లి పంచ్ కొట్టడానికి ఏడు. చేతులు కడగడానికి రెండు. ఇక మిగిలింది పదిహేను. కూర్చున్న రెండు నిమిషాల్లో అన్నం పడకపోతే సగం కంచంలో వదిలేసి లేస్తాడు. కుళాయిల దగ్గర పిసినారితనం చెయ్యకు. మనిషికి పావు నిమిషం లెక్కన నలభై మందికి ఒకటే కుళాయి అయితే పది నిమిషాలు అక్కడే పోతాయి. నాలుగు పెట్టించు.

వంద భోజనాలకి 22 కిలోల బియ్యం. శ్రీకాకుళం సన్నాలు పాతవి చూసి తీసుకో, కొత్తవి ముద్దయిపోతాయి. కందిపప్పు నాలుగు కిలోలు చాలు. అన్నం ఒకేసారి వండెయ్యకు. పన్నెండున్నర సైరన్‌కి 11 కిలోలు, ఒంటిగంట సైరన్‌కి ఎనిమిది. మిగతా మూడూ జనాన్ని చూసుకున్నాకే ఎసట్లో పోయాలి. మొదటి డేగిసా గంజి వార్చడం పన్నెండుం పావుకల్లా అయిపోవాలి. పొగలు కక్కే అన్నం గొప్పే కానీ, ఊదుకుంటూ కూర్చునే తీరిక వాళ్లకేది? సాంబారులో ములక్కాడలు వెయ్యకు, నములుతూ కూర్చుంటారు. ముల్లు ఎక్కువున్న చేప కూడా మధ్యాహ్నం వద్దు.

ఇప్పుడు ఆమ్లెట్ సంగతి. నువ్వు చేసే మొదటి తప్పు అదే అవుతుందని నా భయం, ఎందుకంటే మేం చేసిందీ అదే. ఎవడో ఒకడు "ఒక ఆమ్లెట్ వెయ్యండి" అంటాడు. గుడ్డుంది, పెనముంది, నాలుగు రూపాయలు మిగులుతాయి, వేస్తే ఏటి అనిపిస్తుంది. వాసన రాగానే పక్కవాడికీ కావాలి. ఒకటే పెనం, ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఎనిమిదోవాడి కంచంలోకి వచ్చేసరికి పదహారు నిమిషాలు. వాడి పదిహేనూ అయిపోయాయి కదా! పోనీ వాడొక్కడితో పోతుందా? వాడు లేవడు కనక వాడి వెనక నిలబడినవాడికి చోటు లేదు. పెనం దగ్గర మనిషి ఇరుక్కుపోతాడు, మారు అన్నం అడిగినవాడికి వడ్డించే దిక్కుండదు. నీ షెడ్డులో ఇరవైనాలుగు సీట్లని చెప్పింది మీ అమ్మ. అరగంటలో ఒక్కో సీటు రెండుసార్లు తిరిగితే నలభై ఎనిమిది భోజనాలు. ఆమ్లెట్లు మొదలుపెడితే ఒకసారే తిరుగుతుంది. పదిహేను ఆమ్లెట్లు అమ్మి ఇరవైనాలుగు భోజనాలు పోగొట్టుకుంటావు. మాకు ఇది తెలిసేసరికి నెల దాటిపోయింది. గల్లాపెట్టె తగ్గుతుంటే కూరలో ఉప్పు చూసుకున్నాం, పప్పు చిక్కబరిచాం, పెనం వైపు మాత్రం చూడలేదు.

గుడ్డు మానెయ్యమనడం లేదు. పదకొండుకి అరవై ఉడకబెట్టి, వలిచి, నాలుగువైపులా గాట్లు పెట్టి, నూనెలో పసుపూ కారమూ వేసి దొర్లించి ఉంచు. అడిగినవాడి కంచంలో చటుక్కున పడుతుంది.

డబ్బులు తిన్నాక తీసుకోకు. నెలకి 26 చీటీల పుస్తకం అమ్ము, గుమ్మంలో చీటీ చింపి లోపలికి పంపు. చీటీ లేనివాడి కోసం ఫోన్‌పే స్కానర్ బయటే పెట్టు.

మిగిలిన అన్నం రాత్రి షిఫ్టుకి కలిపావని తెలిస్తే మాత్రం నీ మెస్సు గడప తొక్కను. ఉడికినా చావని సూక్ష్మజీవులు బియ్యంలో ఉంటాయి. గోరువెచ్చగా వదిలేస్తే అవి పెరిగి విషం కక్కుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మన ఉక్కపోతలో దానికి రాత్రి దాకా అక్కర్లేదు. మిగిలితే పశువులున్నవాళ్లకి ఇచ్చెయ్.

గంజి వార్చే పెద్ద సిబ్బి మా అటక మీదే ఉంది, తోమించి పెడతాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. పనివాడు రాని రోజు 11 కిలోల డేగిసా ఒక్కడివే వంచబోకు, ఆ గంజి కాళ్ల మీద పడితే తోలు ఊడి వస్తుంది. ఎవడో ఒకడు వచ్చేదాకా ఆగు. ఆ పూట ఆలస్యమైతే అయ్యింది.

మీ పెద్దమ్మ