వర్క్‌షాప్‌కి చవకలో స్పీకర్లు సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. డబ్బు కంటే డబ్బా మీద శ్రద్ధ పెట్టండి. పాత టీవీలోవో కారులోవో తీసేసిన స్పీకర్లు రెండు చాలు. హైదరాబాద్‌లో ఉంటే ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణాలుండే కోఠీ గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

స్పీకర్‌ని ఉత్తగా బల్ల మీద పెట్టి పాట వేస్తే బేస్ వినిపించదు. కోన్ (స్పీకర్ మధ్యలో కదిలే గిన్నె లాంటి భాగం) ముందు నుంచి, వెనక నుంచి వచ్చే ధ్వనులు ఒకదానికొకటి ఎదురై రద్దయిపోతాయి. అందుకే గాలి బయటికి పోని పెట్టె కావాలి. 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కలకి ఫెవికాల్ పట్టించి, సందుల్లేకుండా బిగించండి. వైరు దూర్చిన బెజ్జాన్ని చాలామంది అలాగే వదిలేస్తారు, అక్కడే బుస్సుమంటుంది. లోపల కాస్త దూది కుక్కండి, పాత దిండులోదైనా సరే.

స్పీకర్లని నడపడానికి యాంప్లిఫయర్ బోర్డు కావాలి. పీఏఎం8403 అనే చిన్న బోర్డు 5 వోల్టుల ఫోన్ చార్జర్‌తోనే నడుస్తుంది గానీ, మహా అయితే ఒక్కో స్పీకర్‌కి 3 వాట్లు; రంపం మోతలో అది ఏ మూలకి? టీపీఏ3110 బోర్డు, 12 వోల్టుల అడాప్టర్ తీసుకోండి. రెండు స్పీకర్ల మైనస్ వైర్లు మాత్రం ఎక్కడా కలపకండి, చిప్ కాలిపోవచ్చు.

స్పీకర్‌కి ప్లస్ ఏదో తెలియకపోతే 1.5 వోల్టుల సెల్ తాకించి చూడండి. కోన్ ముందుకొస్తే, సెల్ ప్లస్ తగిలిన వైపే ప్లస్. రంపపు పొట్టు పడకుండా స్పీకర్ ముందువైపు పల్చటి గుడ్డ కట్టేయండి.