120 పీఎస్, 118 బీహెచ్‌పీ: ఏది నిజం?

ఒకే కారుకి ఇంజన్ శక్తి బ్రోచర్‌లో 120 పీఎస్, రివ్యూలో 118 బీహెచ్‌పీ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, రెండూ నిజమే. పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్, 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు పైకి లేపే శక్తి, అంటే 735.5 వాట్లు, బీహెచ్‌పీది (బ్రేక్ హార్స్‌పవర్) బ్రిటిష్ కొలత, 550 పౌండ్లను సెకనులో ఒక అడుగు లేపడం, అది 745.7 వాట్లు. తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు, కాకపోతే పీఎస్‌లో అంకె కాస్త పెద్దగా కనబడుతుంది, అమ్మేవాళ్లకి అంతకంటే ఏం కావాలి! పీఎస్‌ను 0.986తో గుణిస్తే బీహెచ్‌పీ, 0.7355తో గుణిస్తే కిలోవాట్లు, ఇక్కడ 88.3 వస్తుంది. నోటిలెక్కకైతే ముప్పావు వంతు అనుకోండి చాలు. బోరు మోటారు ప్లేటు మీద 5 హెచ్‌పీ పక్కనే 3.7 కిలోవాట్లు అని ఉండేదీ ఇదే లెక్క. రెండు బళ్లను పోల్చేటప్పుడు మాత్రం రెండింటినీ కిలోవాట్లలోకి మార్చి చూడండి.