నాణేలున్నాయి కదా అని బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంచకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. హెచ్1బి మీద ఉద్యోగం. చదువుకోడానికి వచ్చినప్పటి నుంచీ పాత అమెరికన్ నాణేలు సేకరిస్తున్నాను. నా దగ్గరున్న లింకన్ సెంట్లు, మోర్గాన్ డాలర్ల (పాత వెండి డాలర్లు) విలువ నాణేల ధరల గైడ్ ప్రకారం 30 వేల డాలర్లు. సేవింగ్స్‌లో 4 వేలున్నాయి. ఇప్పుడు 1893-ఎస్ (1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో తయారైన) మోర్గాన్ ఒకటి 7 వేలకు వస్తోంది. ఇంటి మీద హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి, కావలసినప్పుడు వాడుకునే అప్పు) తీసుకుని కొననా? అవసరమొస్తే నాణేలు అమ్ముకోవచ్చు కదా?

జవాబు: కొనకండి. సేకరణనే ఎమర్జెన్సీ ఫండ్‌గా లెక్కేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీకు బహిరంగంగా జవాబిస్తున్నాను.

ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి వాయిదా ఆగదు. కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించుకునే ఏర్పాటు) తీసుకుంటే హెల్త్ ప్రీమియం మొత్తం మీ జేబులోంచే కట్టాలి. ఆ టెన్షన్‌లో నాణేలు పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్తే గైడ్‌లో ఉన్న ధర ఇవ్వడు, తన లాభం మినహాయించుకునే చెబుతాడు. వేలంలో పెడితే డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. అందుకే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో వేయండి. అది నిండేదాకా కొత్త నాణెం మాటే వద్దు.

ఇక హెలాక్. వడ్డీ మారుతూ ఉంటుంది, తాకట్టులో ఉండేది పిల్లలు పడుకునే ఇల్లు. సరదా కోసం దాన్ని పణంగా పెట్టడమేమిటండీ? 401(కె), అంటే రిటైర్మెంట్ పొదుపు మీద లోన్ ఆలోచన ఉంటే అదీ వద్దు.

పైగా మీరు అడుగుతున్నది నకిలీలు ఎక్కువగా తిరిగే నాణెం. లక్షే ముద్రించారు కాబట్టి, మామూలు 1893 డాలర్ వెనక టంకశాల గుర్తు ‘ఎస్’ అతికించి అమ్మేవాళ్లున్నారు. అసలుదానికి ముందువైపు ఒకే అచ్చు వాడారు. ‘లిబర్టీ’లోని ‘టీ’ అక్షరం పైభాగంలో ఏటవాలుగా ఉబ్బెత్తు గీత ఉంటుంది, లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూడండి. ఫండ్ నిండాక సొంత డబ్బుతో, నాణేలు పరీక్షించే సంస్థలైన పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ గ్రేడ్ చేసి సీల్ వేసినదే కొనండి.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో నాణేల దొంగతనానికి పరిమితి చాలాసార్లు 200 డాలర్లే. మీ పాలసీ తీసి చూసి, విడిగా కవర్ రాయించుకోండి. ఈ పని ఈ వారమే చేయండి.