పోచంపల్లి నేతవాడలో పాత ఇల్లు కొనాలనుకునేవారికి

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ భూదాన్ పోచంపల్లి నేతకారుల వీధుల్లో ఒక పాత పెంకుటిల్లు కొనుక్కోవాలని ఉందని, ఆ వాడ చరిత్ర ఏమిటో, అక్కడ ఉండటంలో ఆకర్షణ ఏమిటో తెలిసినవారు చెప్పాలని మీరు అడిగారు. మా మేనత్తను ఆ ఊరి పద్మశాలి ఇంటికే ఇచ్చారు. చిన్నప్పుడు ఎండకాలపు సెలవులు అక్కడే గడిపినవాణ్ణి, ఇప్పటికీ పెండ్లిళ్లకు, పండుగలకు వెళ్లివస్తున్నవాణ్ణి కనుక తెలిసినంతవరకు చెబుతాను.

బయటినుంచి వచ్చేవారు సాధారణంగా చెక్కిన దర్వాజలను, దూలాలను, అరుగులను చూసి ముచ్చటపడతారు. నూటొక్క దర్వాజల ఇల్లు అని పేరుపడ్డ భవంతి ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నిజానికి అటువంటి భవంతులు తెలంగాణలో దొరలు, పటేండ్లు బతికిన చాలా ఊళ్లలో ఉన్నాయి. పోచంపల్లి నేతవాడ ప్రత్యేకత ఏమిటంటే, అక్కడి ఇంటిని మనిషికోసం ఎంత కట్టారో మగ్గంకోసం అంత కట్టారు. వీధి గుమ్మం దాటగానే వచ్చే పెద్ద గది మగ్గానిది. నేతకారుడు నేలమట్టానికి కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు కాబట్టి గది నేలలోనే గుంట తవ్వుతారు. మట్టినేల చల్లదనానికి నూలు పొడిబారదు, పోగు తొందరగా తెగదు. వెలుతురు మగ్గంమీద పడేటట్లు కిటికీ పెడతారు. వంటిల్లు, పడక గదులు మిగిలిన జాగాలో సర్దుకుంటాయి. మా అత్త ఇంట్లో చుట్టాలు దిగితే మనుషులే ఒదిగి పడుకునేవారు గాని, మగ్గాన్ని ఎవరూ కదిపేవారు కాదు.

ఇంటిలో సాగని పని వీధిలో సాగుతుంది. పడుగు పోగులను బారుగా సాగదీసి సరిచేయడానికి, నూలుకు గంజి పెట్టి ఆరబెట్టడానికి పొడవాటి ఖాళీ స్థలం కావాలి. అందుకే ఎండ ముదరకముందే వీధి పొడవునా పోగులు పరుచుకుని ఉండేవి, దారిన పోయేవారు పక్కకు తప్పుకుని నడిచేవారు. ఇరుగుపొరుగువారు పిలవకుండానే వచ్చి ఒక చేయి వేసేవారు. ఇవాళ వాహనాలు పెరిగి ఆ దృశ్యం తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

చరిత్ర విషయానికి వస్తే, ఈ ఊరివారికి చిటికి పని, అంటే పోగులను ముందే కట్లు కట్టి రంగులద్ది ఆపైన నేయడం, 20వ శతాబ్దపు తొలినాళ్లలో చీరాల వైపునుంచి వచ్చింది. అరబ్బు దేశాలకు ఎగుమతి అయిన తేలియా రుమాళ్లు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసిన రుమాళ్లు, అక్కడివే. ఆ రుమాలు నేత ఈ ప్రాంతంలో పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. పోచంపల్లివారు మాత్రం అదే పద్ధతిని చీరలకు మళ్లించారు, 1970ల ప్రాంతంనుంచి పట్టును కూడా అందుకున్నారు. పట్టు వచ్చాక వాడలో డబ్బు కనిపించిందని, కొన్ని ఇండ్లపైన మేడలు లేచినది ఆ తరువాతేనని మా మామయ్య అనేవారు. ఊరి పేరులోని భూదాన్ అనే మాట మాత్రం నేతకు సంబంధించినది కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు దళితులు సాగుకు 80 ఎకరాలు అడగగా, ఈ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడానికి ముందుకు వచ్చారు. భూమిని దానంగా అడిగే భూదాన ఉద్యమం అలా ఇక్కడ మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చడంతో శని, ఆదివారాల్లో కార్ల వరుస పెరిగింది. ఆ వరుస ఎక్కువగా చీరల దుకాణాల దగ్గరే ఆగుతుందనుకోండి.

ఆకర్షణతోపాటు ఇబ్బందులు కూడా చెప్పాలి. వానకాలంలో మగ్గం గుంటలోకి నీరు ఊరుతుంది. ముసురు పట్టిన రోజుల్లో రంగులద్దిన నూలు ఆరదు, నేత ఆగిపోతుంది. ఆసు పోయడం ఆడవారి పని. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులచుట్టూ పోగును వేలసార్లు చేతితో తిప్పితేనే ఒక చీరకు సరిపడా నూలు సిద్ధమవుతుంది. మా మేనత్త కుడిభుజం నొప్పి ఆ పనిదే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడ్డ ఇటువంటి బాధ చూసి ఆసు యంత్రాన్ని తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పుడు చాలా ఇండ్లలో ఆ యంత్రం చప్పుడు మగ్గం చప్పుడుతో కలిసి వినిపిస్తుంది. పగలంతా నిశ్శబ్దం కోరుకునేవారికి ఆ వాడ సరిపడదు.

పిల్లలు చదువుకుని నగరానికి వెళ్లిన ఇండ్లే సాధారణంగా అమ్మకానికి వస్తాయి. కొన్నవారు మొదట చేసేది గుంట పూడ్చి టైల్స్ పరచడం. ఆ పని చేశాక మిగిలేది ఎక్కడైనా దొరికే పెంకుటిల్లు మాత్రమేనని నా అభిప్రాయం. మీకు నేయడం రాకపోయినా, ముందుగదిని పక్కింటి నేతకారునికి మగ్గం వేసుకోవడానికి ఇచ్చి, మీరు వెనక భాగంలో ఉండవచ్చు. జాగా చాలక ఇబ్బందిపడే కుటుంబాలు ఆ వాడలో ఉన్నాయి.

కొనే ముందు ఒక వానకాలం అక్కడే అద్దెకు ఉండి చూడండి. పెంకులు, దూలాలు వడ్రంగిచేత పరీక్ష చేయించండి, చెదలు ఎక్కువగా గోడలోకి దిగిన దూలం చివరలో పడుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలు ఉన్నాయో లేదో చూసుకోకుండా బయానా ఇవ్వకండి.