లాంబ్డా మార్చే ముందు

చిట్టితల్లీ,

మొదటి ఫైబర్ లైన్ డిజైన్‌లోనే లాంబ్డా (సిగ్నల్‌ని మోసే వెలుగు తరంగదైర్ఘ్యం) దొరక్క టెన్షన్ పడుతున్నావని రాశావు. విజయవాడ నుంచి విశాఖకి 100జీ (సెకనుకు 100 గిగాబిట్ల) సర్క్యూట్, రాజమండ్రి వరకు ఖాళీగా ఉన్న చానల్, అంటే లాంబ్డా, అక్కణ్ణుంచి ఖాళీ లేదు, కాబట్టి రాజమండ్రిలో లాంబ్డా మార్చే కన్వర్టర్ పెడతానన్నావు. కాస్త ఆగమ్మా.

ముందు ఒక్కో సెక్షన్‌లో ఖాళీ చానళ్లన్నీ పక్కపక్కన రాసుకో. 50 గిగాహెర్ట్జ్ ఎడంతో, మనం ఫైబర్‌లో వాడే వెలుగు పట్టీ సి బ్యాండ్‌లో 80 పైచిలుకు చానళ్లు పడతాయి. దారి పొడుగునా ఖాళీగా ఉన్నది ఒక్కటైనా తగలొచ్చు. లేకపోతే, అడ్డొస్తున్న సర్క్యూట్ ఎంత దూరానిదో చూడు. పక్క ఊరిదాకా పోయే చిన్నదైతే రాత్రి మెయింటెనెన్స్ టైములో దాన్నే వేరే చానల్‌కి జరిపించు. కస్టమర్‌ని ఒప్పించడం తలనొప్పే, అయినా కన్వర్టర్ కంటే చవక.

ఎందుకంటే ఫీల్డులో మనం కన్వర్టర్ అనేది చాలావరకు వీపులు కలిపి పెట్టిన రెండు ట్రాన్స్‌పాండర్లే (సిగ్నల్‌ని లాంబ్డా మీదికి ఎక్కించి, దించే కార్డులు). వచ్చిన వెలుగు కరెంటుగా మారి, మళ్లీ కొత్త లాంబ్డా మీద వెలుగై బయల్దేరుతుంది. రెండు కార్డుల ఖరీదు, వాటి కరెంటు, వేడి, చెడిపోవడానికి ఇంకో చోటు. లాభమూ ఉంది: దారిలో యాంప్లిఫయర్లు పోగేసిన నాయిస్ అక్కడితో వదిలిపోతుంది. అందుకే సిగ్నల్‌ని ఎలాగూ రీజనరేట్ చేయాల్సిన (శుభ్రం చేసి కొత్తగా పంపాల్సిన) స్టేషన్‌లోనే లాంబ్డా కూడా మార్చు. మూడు నాలుగు వందల కిలోమీటర్లకి రీజనరేటర్ అవసరం రాదు, లెక్క కట్టి చూడు.

కరెంటుగా మార్చకుండా వెలుగుతోనే వెలుగుని మార్చే పరికరాల గురించి అడిగావు. సెమీకండక్టర్ యాంప్లిఫయర్ గెయిన్‌తో చేసే పద్ధతిలో ఒకట్లు సున్నాలవుతాయి, సున్నాలు ఒకట్లవుతాయి. అది సరిదిద్దుకోవచ్చు గానీ ఫేజ్ (వెలుగు తరంగం ఏ దశలో ఉందన్నది) పోతుంది. నీ 100జీ కోహెరెంట్ సిగ్నల్‌లో సమాచారమంతా ఫేజ్‌లోనే కదా! వెలుగులు కలిసి కొత్త లాంబ్డా పుట్టించే ఫోర్ వేవ్ మిక్సింగ్‌లో ఫేజ్ తిరగబడి అయినా నిలుస్తుంది, కానీ బయటికొచ్చే పవర్ తక్కువ. వాటిని చదువుకో, ప్లాన్‌లో రాయకు.

ఒక సంగతి మా 10జీ రోజులది. రెండు ట్రాన్స్‌పాండర్ల క్లయింట్ పోర్టుల్ని (వీపులు కలిసే వైపు పోర్టుల్ని) కలిపేది మీటరు పొడుగు ప్యాచ్ కార్డు, అంటే చిన్న ఫైబర్ తీగ. చేతికి దొరికాయని నేను రెండువైపులా 80 కిలోమీటర్ల దూరానికి పంపే జెడ్‌ఆర్ మాడ్యూళ్లు పెట్టాను. అవి 0 నుంచి +4 డీబీఎం (వెలుగు పవర్ కొలత) దాకా పంపుతాయి, రిసీవర్ −7 డీబీఎం దాటితే ఓర్చుకోలేదు. రెండు రిసీవర్లూ పోయాయి. అక్కడ తక్కువ దూరానికి వాడే 1310 నానోమీటర్ల మాడ్యూళ్లు చాలు. జెడ్‌ఆర్ తప్పకపోతే వెలుగు తగ్గించే 15 డీబీ అటెన్యుయేటర్ వెయ్యి.

నీ చానళ్ల షీటు రేపు పంపు. కళ్లజోడు మార్చాక ఎక్సెల్ కూడా బాగానే కనిపిస్తోంది.

నీ పెదనాన్న